అర డిగ్రీ తేడా

చేపల వేట ముగించుకుని కాకినాడకు తిరిగొస్తున్న ట్రాలర్ మీద నుంచి ఆ నావను మొదట చూసింది కెప్టెన్ ఆశీర్వాదమే. చూసి కొయ్యబారిపోయాడు. నావలో ఇద్దరే ఉన్నారు. ఒకాయన వల లాగుతున్నాడు, ఒకావిడ తెడ్డు పట్టుకుంది. తీరానికి ముప్పై మైళ్ల అవతల తెడ్లేసే నావ ఎలా వచ్చింది?

“కొట్టుకొచ్చేసుంటారు, పాపం! మంచినీళ్లు, అన్నం సిద్ధం చేయించు,” అని సహాయకుడు దుర్గాసాయికి చెప్పి, ట్రాలర్‌ను అటు తిప్పించాడు.

దగ్గరయ్యేకొద్దీ ఆ ఇద్దరూ చేతులూపుతూ కేకలేశారు. సాయం కోసమే అనుకున్నాడు. గాలి మళ్లాక మాట తెలిసింది.

“రాకండి బాబూ! ఇసక మేటండి! ఎనక్కి పోండి!”

ఆశీర్వాదం కిందికి చూశాడు. నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. వరద గోదారి నీళ్లు! ఇంజన్ ఆపమనేలోపే అడుగు గరగరమని ట్రాలర్ కూలబడింది.

“ఇదెక్కడండీ?” అని అరిచాడు.

“అంతర్వేదండి! అయిగో సరుగుడు తోటలు!”

మసక వానలో నల్లటి గీత నిజంగానే కనిపించింది.

మధ్యాహ్నం సెక్స్‌టెంట్‌తో సూర్యుడి ఎత్తు కొలిచి, ఎక్కడున్నారో లెక్క కట్టింది తనే. ఆ పరికరంలో ఎప్పటినుంచో కాస్త తేడా ఉంది. అది తీసేసే లెక్కేశాడు.

“రాత్రి అలల ఊపుకి దాని పెట్టె కింద పడింది కదండీ,” అన్నాడు దుర్గాసాయి మెల్లగా.

“అద్దాలు పగల్లేదు కదా అని ఊరుకున్నానయ్యా.”

సెక్స్‌టెంట్‌ను సున్నా దగ్గర పెట్టి, సముద్రపు అంచు కేసి చూశాడు. ఒకే గీతగా కనబడాల్సిన అంచు రెండు గీతలైంది. రెండూ కలిసేదాకా మర తిప్పి చూస్తే, పాత తేడా పోను అర డిగ్రీ. అంటే లెక్కలో ముప్పై మైళ్ల తప్పు.

నావలోని చిట్టియ్య, లోవమ్మ మొగుడూ పెళ్లాలు. సముద్రం పోటు ఎక్కాక ట్రాలర్ చిన్న లంగరును తమ నావలో వేసుకెళ్లి లోతు నీళ్లలో దింపారు. దాని తాడు పట్టి లాక్కుంటూ ట్రాలర్ మేట దిగింది.

“అన్నం పెడతాను, పైకి రండమ్మా,” అన్నాడు ఆశీర్వాదం.

“ఒద్దండి,” అంది లోవమ్మ. తెడ్డు అందుకుంది. “తిన్నగా మా మీదకే వస్తంటే, తొక్కేత్తారనుకున్నామండి.”

కాపాడదామనే వచ్చానని చెప్పబోయాడు. రెండు చేతులూ జోడించి అలాగే నిలబడిపోయాడు.