ప్రతి గురువారం, నాలుగింటికి

వాన పడుతోంది.

కిటికీ అద్దం మీద ఒక చుక్క ఇంకో చుక్కను కలుపుకుని కిందికి జారుతోంది. ఆమె చూడడం లేదు. ఆమె కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి.

పొద్దుటి నుంచీ ఒకటే తంటా. క్యాలెండర్‌లో అపాయింట్‌మెంట్ కింద కామెంట్ పెట్టాలి... అంతే. మనిషి చేత్తో పెడితే పడుతుంది. ప్రోగ్రామ్ దానంతటదే, వెబ్ ఏపీఐ అనే దారిన పంపితే పడదు. సర్వర్ మాత్రం "అందింది" అంటుంది. తెరిచి చూస్తే ఖాళీ. ఎంత మర్యాదగల అబద్ధమో!

టీమ్ లీడ్ తల మాత్రం లోపలికి పెట్టాడు. "మేడమ్, క్లయింట్ ప్రాణం తోడేస్తున్నాడు. ఇవాళైనా తేలుతుందా?"

"తేలుస్తాను. మీరెళ్ళి టీ తాగండి."

క్లయింట్ క్యాలెండర్‌లో ప్రయోగాలు కుదరవు. అందుకని తన సొంత క్యాలెండర్ తెరిచింది. అందులో మిగిలింది ఒక్కటే —

గురువారం, నాలుగింటికి. తమ్ముడితో టీ.

ప్రతి గురువారం.

తమ్ముడు పోయి ఎనిమిది నెలలు. గురువారాలను ఆపడానికి ఆమెకు చేతులు రాలేదు.

వాడి పేరు పక్కన వాడి కామెంట్. "అక్కా, పది నిమిషాలు లేటు. నువ్వు టీ చెప్పెయ్." ఒక్కరోజుకు పెట్టాల్సింది, చూసుకోకుండా అన్ని గురువారాలకూ పెట్టేశాడు. అప్పట్లో ఎంత ఏడిపించిందో వాణ్ణి!

"జన్మంతా లేటేనేంట్రా నువ్వు!"

"ఉండనీలే అక్కా, ఎలాగూ నిజమే కదా."

ఉండిపోయింది. వచ్చే వారానికీ, వచ్చే ఏడాదికీ, ఆ పై ఏడాదికీ... వాడు పది నిమిషాల్లో వస్తూనే ఉన్నాడు. ఆమె ఆ పది నిమిషాల్లోనే బతుకుతోంది.

వాన పెద్దదైంది.

మూడింటికి చిక్కు దొరికింది. కామెంట్ అపాయింట్‌మెంట్‌ది కాదు — మనిషిది. గెస్టుల లిస్టులో పేరుంటేనే, ఆ పేరు పక్కన నిలుస్తుంది. పేరు లేనివాళ్ళ మాట సర్వర్ వింటుంది, పారేస్తుంది. పిలిచింది తను కాబట్టి లిస్టులో తన పేరు లేదు. ఉన్నది వాడొక్కడే.

తన పేరు రాసింది. పక్కన ఏదో ఒకటి రాయాలిగా — "నేను ఇక్కడే ఉన్నాను." క్లయింట్‌వీ వారం వారం వచ్చే అపాయింట్‌మెంట్లే కదా అని, అన్ని గురువారాలకూ కలిపి పంపింది.

అందింది, అంది సర్వర్.

తెరిచింది. "పడింది!" అని పైకే అరిచింది.

లిస్టులో ఒకే పేరు. ఆమెది.

పంపిన లిస్టు పాత లిస్టుకు తోడవదు. పాతదాన్ని లేపేసి తను కూర్చుంటుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె చెప్పే మొదటి పాఠమే అది... ముందు ఉన్నది చదువుకోండి, తరవాత రాయండి. వాడిది మాత్రం చదవలేదు. కంఠతా వచ్చు కదా, చదవక్కర్లేదనుకుంది.

వచ్చే గురువారం తెరిచింది. లేదు. ఆ పై గురువారం. లేదు. గడిచిపోయిన గురువారాలు... వాటిలోనూ లేదు.

తన చేత్తోనే. రెండోసారి పోగొట్టుకుంది వాణ్ణి.

టీమ్ లీడ్ పరుగున వచ్చాడు. "పడిందన్నారు?"

"పడింది. పాత పేర్లు కూడా కలిపి పంపాలి. లేకపోతే... పోతాయి."

"అంతేనా! బతికించారు మేడమ్."

వెళ్ళిపోయాడు.

ఆమె తమ్ముడి పేరు మళ్ళీ చేర్చింది. వాడి మాటలూ తనే రాయొచ్చు. అక్షరం పొల్లుపోకుండా రాయగలదు. సర్వర్ కాదనదు.

"అక్కా" వరకు కొట్టింది. తనను తనే పిలుచుకుంటున్నట్టుంది. ఏడుపొచ్చింది. చెరిపేసింది.

ఖాళీగానే పంపింది.

అందింది, అంది సర్వర్.

గురువారం, నాలుగింటికి. తమ్ముడు — ఆహ్వానం వెళ్ళింది. జవాబు ఇంకా రాలేదు.

రేపే గురువారం.