అరచేతి తుప్పుకి వారంటీ లేదు

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంటి గేటు అత్తగారే తీస్తుంది. మోకాళ్ళు పట్టేసినా, చేతికి సబ్బు నురగ అంటి ఉన్నా, తనే కుంటుకుంటూ వచ్చి తీస్తుంది. పెద్దకోడలు ఇనుము ముట్టుకోకుండా ఉంటే మంచిదని ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పరు. స్టవ్ ఆర్పమని చెప్పుకుంటారా ఏమిటి?

పెద్దకోడలికి ఎవరి మీదైనా కడుపు మండితే ఆ మంట అరచేతుల్లోకి దిగుతుంది. అప్పుడు ఆ చేతులు ఏ ఇనుమును పట్టుకుంటే ఆ ఇనుము తుప్పు పడుతుంది. చిన్నప్పటినుంచీ అంతే. బడిలో పక్కమ్మాయికి మొదటి బహుమతి వచ్చిన రోజున ఈమె చేతిలో కంపాస్ పెట్టె బిగుసుకుపోయి, మళ్ళీ తెరుచుకోలేదు. కాపురానికి పంపేటప్పుడు పుట్టింటివాళ్ళు చెక్క గరిటెలు, ఇత్తడి తాళం, ప్లాస్టిక్ పిన్నులు సర్ది ఇచ్చారు. అత్తగారు వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి చూసి, "మా చెల్లెలికి కోపం వస్తే పాలు విరిగేవి. దీంతో పోలిస్తే నువ్వు నయం" అంది. ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

కాకపోతే గడిచిన రెండేళ్ళలో గేటుకి నాలుగుసార్లు రంగు వేయించాల్సి వచ్చింది. చిన్నకోడలు ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు.

తోడికోడళ్ళిద్దరిదీ ఒకటే ఉద్యోగం. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్ నుంచి దంతవైద్యుల దగ్గరికి పళ్ళు చేరవెయ్యడం, అక్కడ రోగుల నోళ్ళలో తీసిన అచ్చులు వెనక్కి తేవడం. బళ్ళు కూడా ఒకే రకం. ఒకే రోజు, ఒకే షోరూమ్‌లో కొన్న నల్లటి మోటార్ సైకిళ్ళు. నంబరు చూస్తే తప్ప ఏది ఎవరిదో తెలియదని ఊరంతా అంటుంది. పెద్దకోడలికి మాత్రం కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. చిన్నదాని బండి ఒక్క మీటకే స్టార్టవుతుంది, తనది రెండోదానికి. చిన్నదాని ట్యాంకు మీద తేనెరంగు తోలు కవరు, తన ట్యాంకు మీద దుమ్ము. అన్నిటికీ మించి ఆ తెల్ల గ్లవ్స్. మోచేతుల దాకా ఉంటాయి. ఎండైనా వానైనా తియ్యదు, టీ గ్లాసు కూడా వాటితోనే పట్టుకుంటుంది.

"మహారాణిగారు చేతులు కందకుండా పళ్ళు మోస్తున్నారు" అనేది పెద్దకోడలు, గోడకి చెబుతున్నట్టు.

"అవునక్కా, కందుతాయి" అనేది చిన్నది, నవ్వకుండా. ఆ నవ్వకపోవడం ఇంకా మండించేది.

సోమవారం ల్యాబ్ యజమాని ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. అందరూ ఆయన్ని పళ్ళాయన అంటారు, ఆయన కూడా ఫోన్లో తనని తాను అలాగే చెప్పుకుంటాడు.

"ఏటి అవతల ఆస్పత్రివాళ్ళు వచ్చే నెలనుంచి మన పళ్ళే తీసుకుంటారు" అన్నాడు. "ఒక్కటే చోటు, కింది అంతస్తు. మీలో ఒకరికి ఇస్తాను. కానీ బండి మధ్యలో ఆగిందంటే అక్కడ ఒక పెద్దాయన ఆ పూట కూడా గంజే తాగాలి. మీ బళ్ళ వారంటీ ఈ శనివారంతో అయిపోతుందని నాకు తెలుసు. ఇంకో మూడేళ్ళకి పొడిగించిన కాగితం ఎవరు తెచ్చి చూపిస్తే పని వాళ్ళది."

కింది అంతస్తు. పెద్దకోడలి మోకాళ్ళు ఆ రెండు మాటల్నీ విన్నాయి. ఆరేళ్ళుగా లిఫ్టు లేని మేడలెక్కి పళ్ళిస్తోంది. ముప్ఫై ఒక్కమంది డాక్టర్లలో పందొమ్మిదిమంది మూడో అంతస్తులోనే ఎందుకు కాపురముంటారో ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు. పోయిన వారం ఒకచోట మెట్లమధ్య కూలబడితే, పైనుంచి దిగుతున్న రోగి లేవదీశాడు.

ఇంటికొచ్చి వారంటీ కాగితం అత్తగారి ముందు పడేసింది.

"చదవండత్తయ్యా. ఇంజనుకి ఇస్తారట, గేరుబాక్సుకి ఇస్తారట. చైనుకి ఇవ్వరు, టైరుకి ఇవ్వరు. ఈ రెండేళ్ళలో నా బండి ఆగిందే చైను వల్ల. ఒక్క సర్వీసు బయట చేయించామా, మొత్తం చెల్లదు. రాని రోగానికి మందు కొనమంటున్నారు, వచ్చే రోగానికి లేదంటున్నారు."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని చివరి పేజీకి వెళ్ళింది. "అసలుది ఇక్కడుంది, విను. యజమాని సొంత అరచేతి వల్ల వచ్చిన తుప్పు ఉన్న బండికి వారంటీ పొడిగించబడదు. తుప్పు ఇంకొకరి అరచేతిదైతే, కొనేనాడే ఆ మనిషి వచ్చి ఒప్పుకుంటే, పొడిగించబడును. ఆ తుప్పు కూడా మూడేళ్ళూ కంపెనీయే బాగుచేయించును."

"అయితే నాకు లేనట్టే."

"నీ ట్యాంకు ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది? రోజూ ఆ గ్లవ్స్ చూస్తూ బయల్దేరతాను కదా. ఎడమ పక్కంతా పెచ్చులే."

"మరి కొన్నాళ్ళు చూడ్డం మానెయ్యి."

"మీకేం, చెప్తారు" అంది పెద్దకోడలు.

కొనకూడదని తేల్చుకుంది. అయినా శనివారం చిన్నది షోరూమ్‌కి బయల్దేరుతుంటే తనూ బండి తీసింది. కొనడానికి కాదు. అది ఒక్కతే వెళ్ళి, ఒక్కతే కాగితం పట్టుకుని, ఒక్కతే తిరిగి రావడం చూడలేక.

షోరూమ్ వెనక షెడ్డులో తొమ్మిది బళ్ళు వరసలో ఉన్నాయి. గుమాస్తా చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఒక్కో బండీ చుట్టూ తిరుగుతున్నాడు. ముందున్నాయన బండి చూసి, "ఈ తుప్పు మీ తమ్ముడిదా? రమ్మనండి, సంతకం పెట్టాలి" అన్నాడు. ఆయన ఫోను తీశాడు.

చిన్నకోడలి వంతు వచ్చింది.

"కవరు తియ్యండమ్మా."

"కవరు ఎందుకండీ, బిగుతుగా ఉంటుంది."

"ట్యాంకు చూడాలి కదా. తియ్యండి."

చిన్నది కదల్లేదు. గుమాస్తానే వంగి హుక్కులు విప్పి ఆ తేనెరంగు తోలు పైకి లాగాడు.

ట్యాంకు మీద అరచేయి ఉంది. ఐదు వేళ్ళూ, బొటనవేలి కింది ఉబ్బూ, ఎవరో ఎర్రమట్టిలో ముంచి అద్దినట్టు. దాని పక్కన ఇంకొకటి, దాని మీద మరొకటి. పొట్టి వేళ్ళు. పెద్దకోడలు తన చేతివైపు చూసుకుంది. తనవి పొడుగు.

చిన్నది తల వంచుకుని, గ్లవ్స్ ఉన్న చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నీకు కూడానా?" అంది పెద్దకోడలు, గొంతు తగ్గించి.

"మొదటి నెలలోనే అక్కా. కవరు ఆ తర్వాత కొన్నాను. గ్లవ్స్ ఇంకా తర్వాత."

"ఎవరి మీద?"

చిన్నది ఆమెవైపు చూసింది. ఇంకెవరున్నారన్నట్టు.

"నా మీదా? నా దగ్గరేముందే ఏడవడానికి? మోకాళ్ళా?"

"అత్తయ్య నీకు లేచి గేటు తీస్తుంది. నాకెప్పుడైనా తీసిందా? కష్టమైన నోళ్ళ అచ్చులన్నీ పళ్ళాయన నీకే అప్పజెప్తాడు, 'పెద్దావిడైతే పగలగొట్టదు' అని. నీకు మండితే నలుగురి ముందూ మండుతావు, గేటుకి రంగు వేస్తారు, అయిపోతుంది. నేను ఈ ఉక్కలో రెండేళ్ళుగా గ్లవ్స్ తొడుక్కుని మంచిదాన్నిగా ఉన్నాను."

గుమాస్తా చెవి మీంచి పెన్సిలు తీశాడు. "ఈ అరచేయి ఎవరిదమ్మా? మీదేనా? మీదైతే పక్కకి తీసెయ్యండి, వెనక చాలామంది ఉన్నారు."

పెద్దకోడలు నోరు మూసుకుంటే చాలు. చిన్నదానికి కాగితం రాదు. తనకీ రాదు, కానీ అప్పుడు పళ్ళాయన పాత మనిషినే చూస్తాడు. ఏటి గాలి, కింది అంతస్తు, మోకాళ్ళకి విశ్రాంతి, అన్నీ ఒక్క మౌనానికి దొరుకుతాయి. అంత దూరమూ ఆలోచించింది. ఆలోచిస్తుంటే కడుపులో ఎక్కడో ఓ మూల పాత మంట లేచింది, కానీ ఈసారి అది గ్లవ్స్ మీద కాదు, బండి మీద కాదు. ఆ ఇంట్లో కుళ్ళుకునేది తను ఒక్కతే. పన్నెండేళ్ళుగా ఆ పేరు తనది, ఆ చెక్క గరిటెలు తనవి, ఆ గేటు తనది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అందులో కూడా వాటాకొచ్చిందా?

"అది నాది" అంది గట్టిగా.

గుమాస్తా ఆమెవైపు తిరిగాడు. "మీరేమవుతారు?"

"తోడికోడల్ని."

"ఆ," అన్నాడు గుమాస్తా, ఇంకేం అడగాల్సిన పని లేనట్టు. "ఓసారి చెయ్యి పెట్టండి."

వేళ్ళు కాస్త ముడిచి, ఆ పొట్టి అచ్చుల మీద అరచేయి ఆనించింది. ఇనుము వెచ్చగా ఉంది. గుమాస్తా వెనకున్న వరసని చూసి, అచ్చుని అరకంట చూసి, కాగితం ముందుకి తోశాడు. ఆమె సంతకం పెట్టింది.

"తర్వాతి బండి ఎవరిది?"

"నాదే. కానీ నేను కొనడం లే..."

"కొంటుంది, ఆ బండికి కూడా కావాలి" అంది చిన్నది. కుడిచేతి గ్లవ్ పళ్ళతో పట్టి లాగేసింది. రెండేళ్ళు ఎండ తగలని చెయ్యి, కాగితంలా పాలిపోయి ఉంది. దాన్ని తీసుకెళ్ళి పెద్దకోడలి ట్యాంకు ఎడమపక్కన, పెచ్చులన్నిటి మీదా పరిచింది. "ఇది నాదండీ. రాసుకోండి."

"మీరూ తోడికోడలేనా?" అన్నాడు గుమాస్తా, రాసుకుంటూనే.

పళ్ళాయన రెండు కాగితాలూ బల్లమీద పక్కపక్కన పెట్టి, నుదురు గోక్కున్నాడు. "ఇద్దరూ తెచ్చారా? అయితే పొద్దున అచ్చులు ఒకరు, మధ్యాహ్నం పళ్ళు ఒకరు. ఇంక నా దగ్గరికి రాకండి." అలా ఆ మోకాళ్ళకి సగం మెట్లు తప్పాయి.

మొదటిరోజు అత్తగారు గేటు ఒకరికి ఒకసారి, ఇంకొకరికి ఇంకోసారి, విడివిడిగా తీసింది. ఎవరు చెప్పారో తెలియదు. చిన్నదాని చేతులకి గ్లవ్స్ లేవు. ఒక్క మీటకే స్టార్ట్ చేసి, వీధి చివర పెద్దకోడలిని దాటేసి, గాలికి పమిట ఎగురుతుంటే ముందుకెళ్ళిపోయింది.

పెద్దకోడలు ఎడమచేయి ట్యాంకు మీద పెట్టింది. వేళ్ళ కింద సన్నగా చిటపటమంది. తీసి చూస్తే కొత్త పెచ్చు, ఎర్రగా, తాజాగా ఉంది.

కాగితం ప్రకారం అది చిన్నదాని చెయ్యి. ఇంకా మూడేళ్ళు ఎంత కుళ్ళుకున్నా బాగుచేయించేది కంపెనీవాళ్ళే. కొనడం మంచిదే అయిందనుకుంటూ గేరు మార్చింది.