కూర్చున్న ఎత్తులో ఓడ

ఓడ ఎక్కకముందే వసుమతమ్మ ఒక తప్పు చేసింది. సాయంకాలం గ్యాంగ్ ముందు గొప్పలు పోయింది.

గ్యాంగ్ అంటే ముఠా ఏమీ కాదు. టెక్సస్‌లో ఇర్వింగ్ అనే ఊళ్ళో, అపార్ట్‌మెంట్ల వెనక నడక బాట మీద ఎండ చల్లబడ్డాక చేరే ఏడెనిమిది మంది పెద్దవాళ్ళు. నడిచేది పావుగంట, బెంచీల మీద కూర్చునేది గంటన్నర. వాళ్ళకో వాట్సాప్ గ్రూపు. వసుమతమ్మ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది, ఫోన్లో రాయడం రాదు. కానీ మైకు బొమ్మ మీద వేలు పెట్టి మాట్లాడొచ్చని మనవరాలు నేర్పిన రోజు నుంచి ఆవిణ్ణి ఆపగలిగినవాడు పుట్టలేదు. బెండకాయల ధర చెప్పబోయి వాళ్ళ మేనత్త పెళ్ళిలో పనసకాయ కూర దాకా వెళ్ళి, మళ్ళీ దారి తప్పకుండా బెండకాయల దగ్గరికి వచ్చేది.

కూతురు స్మృతి, అల్లుడు రఘు ఆవిణ్ణి వారం రోజుల అలాస్కా ఓడ ప్రయాణానికి తీసుకెళ్తున్నారని తెలియగానే, గ్యాంగ్‌లో చిన్నదైన కరీంనగర్ పద్మిని అంది: "అక్కా, సముద్రంల కడుపు తిప్పుతదంట. మాత్రలు వెట్టుకో."

"నాకా! కోనసీమ దాన్నే నేను. కాపరానికి గోదారి దాటించే పంటు మీద వెళ్ళాను, పురిటికి పంటు మీద వచ్చాను. వరదలో గేదెతో కలిసి నాటుపడవ ఎక్కాను. నీళ్ళంటే నాకు ఉయ్యాలే, పద్మినీ."

అందరూ నవ్వారు. వసుమతమ్మ ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

ఆదివారం సియాటిల్‌లో ఓడ ఎక్కారు. ఆ రోజు పంపిన కబురు అక్షరాలా నిజం. "ఓడ కాదండోయ్ ఇది, పద్నాలుగు అంతస్తుల ఊరు. లిఫ్టులో కాళ్ళ కింద తివాచీ మీద ఇవాళ ఏ వారమో రాసుంటుందిట. రోజూ మారుస్తారట. తినీ పడుకునీ జనం వారాలు మర్చిపోతారు కాబోలు!"

సోమవారం ఓడ నడిసముద్రంలోకి వెళ్ళింది. ఉయ్యాల కాదు, చేటలో చెరిగినట్టు చెరిగింది. తెల్లారేసరికి వసుమతమ్మ మంచానికి అంటుకుపోయింది. మంచినీళ్ళు తాగినా నిలవలేదు. మనవరాలు శ్రుతితో కలిసి పడుకునే ఆ గదికి కిటికీ కూడా లేదు. స్మృతి పచ్చ ఆపిల్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు తెచ్చి నోట్లో పెట్టింది. కళ్ళు తెరిస్తే గది తిరిగేది, మూస్తే తనే తిరిగేది.

సాయంత్రం ఫోన్ మోగింది. ఆఫీసు పని కోసం రఘు కొన్న ఇంటర్నెట్‌లో గ్రూపు కబుర్లన్నీ వచ్చి పడుతున్నాయి. "అక్కా, ఇయ్యాల ఏం జూసినవ్? చెప్పవేంది?"

ఏం చూసింది? వాంతి పట్టిన కవరు చూసింది. కానీ ఆ మాట ఎలా చెబుతుంది? గదిలో టీవీలో ఓడవాళ్ళు తిమింగలాల బొమ్మ వేస్తున్నారు. వసుమతమ్మ గొంతు సవరించుకుని మైకు నొక్కింది. "తిమింగలాలండీ! కాలవ దాటే గేదెల మందలా, ఒకదాని వెనక ఒకటి, వీపులు తేల్చుకుంటూ..."

పన్నెండేళ్ళ శ్రుతి పక్క మంచం మీంచి తలెత్తింది. "అమ్మమ్మా, నువ్వు బెడ్‌లో ఉన్నావు కదా. అది టీవీ."

"టీవీలోవి మాత్రం తిమింగలాలు కావుటే?"

మంగళవారం అందరూ జూనో ఊళ్ళో దిగారు. ఆవిడ దిగలేదు, లేవలేదు. అయినా సాయంత్రానికి స్మృతి చెప్పినదానికి తన మసాలా కలిపి ఊరంతా వర్ణించింది. అప్పుడే గ్రూపులో అనురాధమ్మ గొంతు వినిపించింది. "వసుమతిగారూ, ఓడలో వీల్‌చైర్‌తో వచ్చినవాళ్ళు ఉన్నారాండీ? తిరగడానికి వీలుగా ఉందా?"

గది దాటని మనిషి ఏం చెప్పాలి? "చూసి చెప్తానండీ" అనాలి. కానీ మాట జోరులో ఉన్నప్పుడు వసుమతమ్మ నాలుక బ్రేకుల్లేని బండి. "అయ్యో, బోలెడంతమంది! నున్నటి నేలండీ, బంతిలా దొర్లిపోతాయి కుర్చీలు. ఎక్కడా గడపన్నదే లేదు!"

బుధవారం పొద్దున్న సముద్రం సద్దుమణిగింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి కాఫీ లోపల నిలిచింది. అమ్మయ్య అనుకుని ఫోన్ తీస్తే, అనురాధమ్మ విడిగా పంపిన కబురు ఉంది.

"వసుమతిగారూ, మీ రుణం ఎలా తీర్చుకోను! మీ ఓడదే సెప్టెంబర్ ట్రిప్‌లో వీల్‌చైర్ రూమ్ ఒక్కటే మిగిలిందండీ. ఫ్రైడే ఈవినింగ్ దాకా హోల్డ్‌లో పెడతానన్నాడు ఏజెంటు. మా గౌరీశంకర్ వద్దంటున్నాడు. 'మళ్ళీ అలాంటిది జరిగితే నాన్న ఇంక జన్మలో బయటికి రారమ్మా' అన్నాడు. మీ మాటలు వినిపించాను. 'ఆంటీ కళ్ళారా చూసి చెప్తోంది కదరా' అన్నాను. ఈయన కూడా విన్నారు. ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే మా ఇంట్లో సగం ఒప్పుకున్నట్టే."

తాగిన కాఫీ గొంతులోకి వచ్చినట్టయింది వసుమతమ్మకి. ఈసారి తప్పు సముద్రానిది కాదు.

అనురాధమ్మ భర్త బ్రహ్మయ్యగారు నలభై ఏళ్ళు ఆపరేషన్లకి మత్తు ఇచ్చిన డాక్టరు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. అయినా చక్రాల కుర్చీలో రోజూ నడక బాట దగ్గరికి వచ్చి, అందరి బీపీల గురించీ అడిగి మరీ కోప్పడేవారు. నిరుడు ఎవరిదో గృహప్రవేశానికి వెళ్తే బాత్‌రూమ్ తలుపులో కుర్చీ ఇరుక్కుంది. నలుగురు మగాళ్ళు పంచె జారిపోతున్న మనిషిని ఎత్తి బయటికి తెచ్చారు. వీడియో తీసేవాడు తీస్తూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి పదకొండు నెలలుగా ఆయన ఆస్పత్రికి తప్ప గుమ్మం దాటలేదు. అలాంటి మనిషి ఇప్పుడు వసుమతమ్మ అబద్ధం పట్టుకుని గుమ్మం దాటబోతున్నాడు.

వసుమతమ్మ లేచి ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, అల్లుడి గది తలుపు కొట్టింది.

"బాబూ, నాకో చక్రాల కుర్చీ కావాలి."

రఘు కంగారుపడ్డాడు. స్మృతి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నడవలేకపోతున్నావా? డాక్టర్‌ని పిలవనా?"

"నడవగలను. నడవగలిగేవాళ్ళకి కనిపించనివి కొన్ని ఉంటాయి. అవి చూడాలి."

సంగతంతా చెప్పింది. స్మృతి తల పట్టుకుంది. "గడపే లేదని ఎలా చెప్పావమ్మా?"

"నోరుంది కదా, చెప్పాను. ఇప్పుడు తిట్టకే. తర్వాత తీరిగ్గా తిడుదువుగాని."

రఘు కింద ఆఫీసులో అడిగి కుర్చీ తెచ్చాడు. అల్లుడి చేత కుర్చీ తోయించుకోవడమా! వాళ్ళ వైపు అల్లుడి చేత మంచినీళ్ళ చెంబు కూడా అందించుకోరు. "నువ్వొద్దు బాబూ, స్మృతి తోస్తుందిలే" అంది.

"స్మృతి డ్రైవింగ్ మీకు తెలుసు కదత్తయ్యా" అన్నాడు రఘు. అంతే, ఆవిడ నోరు మూసుకుని కూర్చుంది.

మొదటి దెబ్బ గది దగ్గరే తగిలింది. తలుపులో కుర్చీ పట్టలేదు. బాత్‌రూమ్‌కి గడప ఉంది, జానెడు ఎత్తు. చక్రాల కుర్చీవాళ్ళకి వెడల్పు తలుపుల గదులు వేరే ఉంటాయని పనివాడు చెప్పాడు. బారుగా సాగిన తివాచీ నడవాలో కుర్చీ మాగాణిలో దిగిన బండిలా బరువెక్కింది, రఘు చొక్కా తడిసింది. డెక్ మీదికి పోయే తలుపులు మూడింట్లో ఒక్కటే మీట నొక్కితే తెరుచుకుంది. మిగతా రెండింటికీ ఇనప గడపలు.

భోజనాల హాల్లో ఆవిడ కంటి ఎదురుగా ఉన్నవి వంటకాలు కావు, జనం నడుములు. తల మీంచి చేతులు చాచి ఎవరెవరో పళ్ళెం నింపుకుపోతున్నారు. వడ్డించే అమ్మాయి వచ్చి రఘునే అడిగింది, ఆవిడకి టీ కావాలా అని. వసుమతమ్మ ఎదురుగానే ఉంది. టీ కావాలో వద్దో చెప్పే నోరూ ఉంది. ఏడు పదుల జీవితంలో ఆ నోటిని దాటుకుని ఇంకొకళ్ళని అడిగినవాళ్ళు లేరు. ఆవిడకి చివుక్కుమంది. బ్రహ్మయ్యగారికి ఇది రోజుకి ఎన్నిసార్లో!

"మీరు చెప్పండత్తయ్యా" అన్నాడు రఘు మెల్లగా.

"టీ. వన్. ఐ డ్రింక్" అంది ఆవిడ, గుండెల మీద చెయ్యి వేసుకుని.

గురువారం గ్లేసియర్ ముందు ఓడ ఆగింది. జనమంతా కటకటాల దగ్గర. కుర్చీలో కూర్చున్న వసుమతమ్మ కళ్ళకి సరిగ్గా అడ్డంగా పెద్ద కమ్మీ. కమ్మీ పైన సగం మంచుకొండ, కింద సగం. మెడ వంచితే కిందది, సాచితే పైది. నిలబడితే చాలు అంతా కనపడుతుంది. కానీ నిలబడలేనివాళ్ళ కోసం కదా కూర్చుంది! పళ్ళ బిగువున కూర్చుంది.

ఎవరో చిటికె వేశారు. ఎర్ర టోపీ పెట్టుకున్న తెల్లావిడ, తనదీ చక్రాల కుర్చీయే, ఇటు రమ్మని చెయ్యి ఊపుతోంది. ఓడ ముందు భాగంలో ఎడమ పక్క, మెట్లు మొదలయ్యే చోట, కమ్మీ లేకుండా కింది నుంచీ అద్దమే ఉంది. ఆవిడ పేరు గ్లెండా, ఒహాయో నుంచి ఒక్కతే వచ్చిందట. పక్కన చోటిచ్చింది.

అప్పుడు కనపడింది కొండ మొత్తంగా. తెలుపు అనుకుంటాం గానీ కాదు, చాకలి నీలి మందు పెట్టి ఆరేసిన పంచెల రంగు. చూస్తూండగా ఇల్లంత ముక్క జారి నీళ్ళలో పడింది. ముందు పడటం కనిపించింది, కాస్త ఆగి ఉరుము వినిపించింది. వసుమతమ్మ ఒళ్ళు మరచి "అమ్మబాబోయ్!" అంటూ కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది.

గ్లెండా నోరు తెరిచింది. "హల్లెలూయా!" అంది.

రఘు నవ్వాపుకుంటూ అంతా విడమర్చి చెప్పాడు. గ్లెండా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళలో తన ఎత్తు నుంచి చూద్దామని కూర్చున్నవాళ్ళు ఎవరూ తగల్లేదని అందిట.

ఆ మధ్యాహ్నం వసుమతమ్మ మైకు నొక్కింది. విడిగా కాదు, గ్రూపులోనే. అందరూ విన్న అబద్ధం అందరి ముందే కడగాలి.

"అనురాధగారూ, అందరూ వినండి. నేను అబద్ధాలు చెప్పాను. నా తిమింగలాలు టీవీవి. జూనోలో నేను దిగలేదు. రెండు రోజులూ వాంతులు చేసుకుంటూ పడుకున్నాను. కుర్చీల సంగతి చూడకుండా చెప్పాను. ఇప్పుడు కూర్చుని చూసి చెప్తున్నాను..." గడపలు చెప్పింది, తలుపులు చెప్పింది, తివాచీ బరువు చెప్పింది. మీదికి వంగే జనాన్ని చెప్పింది, అల్లుణ్ణి అడిగిన టీ చెప్పింది. తర్వాత మంచుకొండ చెప్పింది, అద్దమున్న చోటు చెప్పింది. "మంచిదో చెడ్డదో నేను చెప్పలేనండీ. ఉన్నదిది. మీ అబ్బాయికి కూడా వినిపించండి. నన్ను క్షమించమని డాక్టరుగారితో చెప్పండి."

పద్మిని ఊరుకోలేదు. "ఏందక్కా, గోదారి బిడ్డనంటివి, గట్ల పడిపోతివేంది!"

"గోదారికి అవతలి ఒడ్డు కనపడుతుందే. దీనికి కనపళ్ళేదు" అంది వసుమతమ్మ. తక్కినవాళ్ళూ తలోమాటా వేశారు. అనురాధమ్మ మాత్రం ఏమీ పంపలేదు. విన్నట్టు గుర్తు పడింది, అంతే. రాత్రి వసుమతమ్మ పదే పదే ఫోన్ తీసి చూసుకుంది. ఆ ఇంటికున్న ఒక్క ఆశా తనే ఆర్పేశానేమోనని బెంగ.

శుక్రవారం పొద్దున్న కబురొచ్చింది. అనురాధమ్మ పేరు మీదే, గొంతు మాత్రం ఆవిడది కాదు. నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ ఒక మగ గొంతు.

"వసుమతిగారూ... నాకు కుడి చెయ్యి పనిచెయ్యదు. స్నానం దగ్గర... పట్టుకునే కడ్డీ... ఎటుపక్క? చూసి చెప్పండి."

వసుమతమ్మ రెండుసార్లు విని, మూడోసారి రఘుకి వినిపించింది. రానని నిశ్చయించుకున్న మనిషి కడ్డీ ఎటుపక్క ఉందని అడగడు కదా! "పద బాబూ, గ్లెండా దగ్గరికి."

గ్లెండా గది తలుపు బార్లా తీసింది. ఈసారి వసుమతమ్మ ఒక్కటీ ఊహించుకోలేదు. స్నానాల చోట గడప లేదు, నేల వాలుగా ఉంది. గోడకి బిగించిన బల్ల, దాని మీద కూర్చుంటే ఎడమచేతికి అందేలా కడ్డీ. తనే కూర్చుని పట్టుకుని చూసింది. ఆ సంతోషంలో మైకు నొక్కబోతుంటే గ్లెండా ఆపింది. నడవాకి ఎదురు వరసలో గదులు తిరగేసి కట్టారట. అక్కడ కడ్డీ కుడిచేతికి వస్తుందట. కిందటేడు తనకి అదే వచ్చి నానా తిప్పలూ పడిందట.

"డాక్టరుగారూ, ఈ గదిలో ఎడమపక్కే ఉంది, నేను పట్టుకుని చూశాను. కానీ ఎదురు వరస గదుల్లో కుడిపక్కట. మీకిచ్చే గది ఏ వరసో నాకు తెలీదు. ఏజెంటుని అడిగి, రాయించుకుని, అప్పుడే ఊ అనండి."

ఆ పగలంతా ఫోన్ చేతిలోనే పట్టుకుని డెక్ మీద తిరిగింది. మధ్యాహ్నం స్మృతి పిలుస్తోంది, "అమ్మా, అటు చూడు, నిజం తిమింగలం!" ఆవిడ తలెత్తేసరికి తోక మునిగిపోయింది. నీళ్ళలో సుడి మాత్రం చూసింది.

ఐదు దాటాక గ్రూపులో అనురాధమ్మ గొంతు, నవ్వుతూ, ఆయాసపడుతూ. "ఎడమపక్కేనండీ! రాసి పంపించాడు, బుక్ చేసేశాం. మా గౌరీశంకర్ కూడా వస్తానన్నాడు, కుర్చీ తొయ్యడానికి. ఉండండుండండి, ఈయనేదో అంటున్నారు..."

గరగరమని చప్పుడు. అనురాధమ్మ ఫోన్‌ని బ్రహ్మయ్యగారి నోటి దగ్గర పెట్టినట్టుంది.

"ఎవరైనా మీదికి వంగితే... నా ఎడమ మోచెయ్యి... బాగానే పనిచేస్తుందని... చెప్పు."