షేరాకు మొరుగు నేర్పిన వైనం

ఏ కుక్క ఎవరిని చూసి మొరగాలి, ఎవరిని చూసి తోక ఆడించాలి అన్న నియమం చెడిందంటే, ఆ ఊళ్లో ఇక ప్రభుత్వమనేది లేనట్టే. జర్మనీ యుద్ధం జోరుగా సాగుతున్న ఆ రోజుల్లో, శామీర్‌పేట చెరువుకు దిగువనున్న ఒక చిన్న ఊరి పోలీసు పటేలు గౌరయ్య ఈ సత్యాన్ని ఆలస్యంగానే అయినా సంపూర్ణంగా గ్రహించాడు.

గ్రహింపజేసింది ఆయన కుక్క షేరా. పులి అవుతుందని ఆశపడి పెట్టిన పేరది. పేరు మాత్రమే పులి అయింది. పటేలు భార్య రాధమ్మ దానికి తన అరచేతిలో పాలు తాగించేది, నెయ్యి వేసిన సన్నబియ్యపు బువ్వ ముద్దలు చేసి పెట్టేది. రాత్రి పటేలు వచ్చేసరికి అది ఆయన నవారు మంచం మధ్యలో పడుకుని ఉండి, విసుక్కుంటూ కాస్త జరిగేది. మానవజాతి యావత్తూ తన చుట్టాలేనని దాని విశ్వాసం. మొన్నటి ఎండకాలం దొంగలు పటేలు ఇంటి రాగి గంగాళం ఎత్తుకుపోతుంటే, వాళ్లను పొలిమేర దాకా సాగనంపి, వాళ్లు పడేసిన ఎముక నోట కరుచుకుని తృప్తిగా తిరిగివచ్చింది.

ఆ ఎముకే ఇప్పుడు గౌరయ్య గొంతులో అడ్డం పడింది. పటేల్‌గిరీ మీద కన్నేసిన దాయాది గండయ్య రోజూ మేడ్చల్ తాసిల్ కచేరీ మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ అదే పురాణం వినిపించసాగాడు.

"సొంతింట్ల గంగాళం కాయలేనోడు ఊరేం కాస్తడుర బై? ఆయన కుక్క మొరగదు. దొంగలకు దారి సూపిస్తది."

మాట పాకి పాకి తాసిల్దారు దాకా చేరింది. తానే స్వయంగా వచ్చి చూసి, పటేల్‌గిరీ ఎవరికి ఉండాలో అక్కడికక్కడే తేలుస్తానని ఆయన కబురంపాడు. తాతనాటి పటేల్‌గిరీ! అది పోతే వెండిపొన్ను కర్ర ఉత్త కర్ర అవుతుంది; గౌరయ్య నడిచివస్తే అరుగుల మీది జనం లేచి నిలబడరు. అంతకంటే ఘోరం, గండయ్య వస్తే గౌరయ్యే లేచి నిలబడాలి.

దోషం కుక్కలో లేదు, దాని చదువులో ఉందని పటేలు తీర్మానించాడు. గురువును వెతకనక్కరలేకపోయింది. ఊరి కావలికాడు వీరయ్య ఉండనే ఉన్నాడు. వెట్టివాడు కనుక గురుదక్షిణ బెడద కూడా లేదు.

కళ్లు తెరవని కూనగా షేరాను గొంగడిలో చుట్టి తెచ్చినవాడు వీరయ్యే. దాని చెవుల్లో పిడుదులు ఏరేది అతడే. అతడు గేటు దగ్గర కనబడితే చాలు, షేరా ఎగిరి అతని మూతి అంతా నాకేది. వీరయ్య ముట్టిన నీళ్లు గడప దాటి లోపలికి రాకూడదు. ఆ మూతిని నాకిన నాలుక మాత్రం నేరుగా వెళ్లి రాధమ్మ అరచేతిలో పాలు తాగేది. శాస్త్రం ఈ చిక్కును గమనించినట్టు లేదు.

"ఏరా వీరిగా, రేపటి సంది నువ్వు దొంగవు," అన్నాడు పటేలు.

వీరయ్య చేతులు జోడించాడు. "నీ బాంచెను దొరా, నేనేం జేసిన?"

"ఇంక ఏం జెయ్యలే. జేస్తవు. గొంగడి నెత్తిన కప్పుకొని గోడ దుంకుతవు. కుక్క దగ్గరికి రాంగనే బరిగెతో కొడ్తవు. గంతే."

వీరయ్య గోడ దూకాడు. షేరా గొంగడి వాసన పసిగట్టి, పరమానందంతో అతని మీదికి ఎగిరింది. వీరయ్య కొట్టాడు, దెబ్బలన్నీ నేలను తాకాయి. ఇదేదో కొత్త ఆట అనుకుని షేరా బరిగె కొనను పట్టి లాగింది.

అరుగు మీది నుంచి పటేలు గంభీరంగా శాసించాడు. "నేల మీద పడ్డ దెబ్బ నీ వీపు మీద పడ్తది. సూస్కో."

సాయంత్రం ఆ శాసనం అమలైంది. మర్నాటి నుంచి దెబ్బలు కుక్కకే తగిలాయి.

నమ్మడానికి షేరాకు చాలాకాలం పట్టింది. పొరపాటున తగిలిందేమోనని దెబ్బ తిన్న ప్రతిసారీ దగ్గరికే వచ్చి, కొట్టిన చేతిని నాకేది. తర్వాత గొంగడి కనబడితే నేలకు కరుచుకుని ఉచ్చ పోసుకునేది. ఆ తర్వాత గుర్రుమంది. ఒకనాడు, వీరయ్య ఇంకా బరిగె ఎత్తనైనా ఎత్తకముందే, గొంతు చించుకుని మొరిగి, అతని పిక్క పట్టి కండ ఊడబెరికింది.

పటేలు కళ్లు చెమర్చాయి. కన్నకొడుకు పరీక్ష గెలిచినా అంత పొంగిపోయేవాడు కాదు. ఇంటింటికీ బెల్లం పంచాడు.

రాధమ్మ షేరా వీపుకు పసుపు నూనె రాస్తూ ఏడ్చింది. "సూడుండ్రి, నా బిడ్డ ఎట్ల బుగులు పడ్డదో! నీ చెయ్యి ఇరగ, వీరిగా, గట్లనా కొట్టుడు?" అని, గేటవతల పిక్క పట్టుకుని కూర్చున్న అతన్ని చూసి జాలిపడి, "సున్నం పెట్టుకో పో. నెత్తురు వాకిట్ల పడనీకు, ఇప్పుడే అలికిన," అంది.

తాసిల్దారు వచ్చాడు. పటేలు నేల తాకి మూడు సలాములు చేసి, కుశలమడిగాడు. ఆయన పలకలేదు. వెంట వచ్చిన గుమాస్తా, పేష్కారు జలీల్ మియా వంగి, ఆయన చెవిలో నోరు పెట్టి ఏదో అరిచాక తల ఊపాడు. పెద్ద హోదాలో ఉన్నవాళ్లతో మనవి చేసుకునే పద్ధతి అదే కాబోలునని పటేలు మరింత భక్తితో చేతులు కట్టుకున్నాడు.

కోడికూర భోజనం ముగిసింది. షేరా స్తంభానికి గొలుసుతో కట్టి ఉంది. పటేలు కనుసైగ చేశాడు. కుంటుతూ, గొంగడి కప్పుకుని, వీరయ్య గేటులో నిలబడ్డాడు.

ఆహా, అది మొరుగు! చింతచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. తాసిల్దారు బండి ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి. షేరా వెనకకాళ్ల మీద లేచి, ముందుకాళ్లు గాలిలో ఆడిస్తూ, గొలుసు తెగేలా వీరయ్య వైపు ఎగిరెగిరి పడింది. గౌరయ్య ఛాతీ ఆ మొరుగుకు తగ్గట్టు ఉబ్బింది.

తాసిల్దారు తాంబూలం నములుతూ కుక్కను చాలాసేపు తదేకంగా చూశాడు. ఆయన ముఖంలో చిరునవ్వు మొలిచింది.

"గండయ్య సచ్ చెప్పిండు," అన్నాడు. "ఎంత ప్యార్‌గా ఎగురుతాంది! ఎవరొచ్చినా ఒళ్లో కూసునే కుక్క ఇది. వచ్చినప్పటి సంది చూస్తున్న, ఒక్కసారి గూడ మొరగలే. పటేల్‌గిరీ గండయ్యదే."

ఆయన వెళ్లి బండెక్కాడు. గౌరయ్య వెండిపొన్ను కర్ర అందుకుని, షేరాను స్తంభం దగ్గరే చేతులు నొప్పెట్టేదాకా కొట్టి, గొలుసు విప్పి గేటవతలికి తన్నాడు. రాధమ్మ తలుపు వేసుకుంది.

వీరయ్య గొంగడి తీసి దూరంగా పారేశాడు. ఒట్టి చేతులు చాచి, "రా బిడ్డా, నేనే," అన్నాడు. షేరా తోక ఒక్కసారి కదిలింది. అతడు ఒక అడుగు ముందుకు వేశాడు. అది పళ్లు బయటపెట్టి, వెనక్కి వెనక్కి జరిగి, కుంటుతూ దేవరయాంజాల్ ఊరి బాట పట్టింది.

మిగిలిన కోడికూర గిన్నెలో సర్దుకోవడానికి పేష్కారు జలీల్ మియా వెనక ఆగాడు. పటేలు అతని కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఊరంతా ఇన్నదిగద మియా! నువ్వు గూడ ఇంటివిగద! ఒక్క మాట జెప్పొద్దా?"

"సాబ్ చూసినదాన్ని కాదనుడు నా నౌకరీల లేదు పటేలా," అన్నాడు జలీల్ మియా, గిన్నె మీద మూత బిగిస్తూ. "అయినా నీకు తెల్వదా? పోయిన దసరాకు ఫిరంగి తోపులు కాల్చిన కాడ నిలబడ్డడు. అప్పటి సంది సాబ్‌కు రెండు చెవులూ ఇనబడయి."