ఏడుపు లేని లెటర్

మధ్యాహ్నం రెండయింది. ఐదింటిలోపు కాగితం అందకపోతే ఉద్యోగం పోయినట్టే. హన్మకొండ కలెక్టరేట్ గేటు ముందు, అర్జీలు రాసే రాజమల్లు గొడుగు కింద ప్రేమలత వంతు అప్పుడొచ్చింది.

వరంగల్ చౌరస్తాలోని ఒక చీరల దుకాణంలో ఆమె పన్నెండేళ్లు పనిచేసింది. సేటు పోయాడు, కొడుకులు షట్టర్ దించారు. భర్త మధు ఆటో బోల్తాపడి నడుము దెబ్బతో ఇంట్లోనే ఉన్నాడు. నక్కలగుట్టలో తెరవబోయే బట్టల షోరూంలో సూపర్‌వైజర్ కావాలట, నెలకు పద్నాలుగు వేలట. దరఖాస్తుతో పాటు కవర్ లెటర్ తెమ్మన్నారు. అదేమిటని అడిగితే, "నీ గురించి నువ్వు రాసుకునేది, తెలుగులైనా నడుస్తది" అన్నారు.

తన గురించి తాను రాసుకోవడమా? అలాంటి పని ఈ చుట్టుపక్కల రాజమల్లుకే అప్పజెబుతారు. ఆయన అర్జీ చదివి ఒక తహసీల్దారు మూడు రోజులు అన్నం ముట్టలేదట. ఇంకో ఆఫీసులో ఫ్యాన్ కూడా తిరగలేక ఆగిపోయిందట. చెప్పింది రాజమల్లే కనుక, కరెంటు ఉందా అని మనం అడగకూడదు.

"ఏం కష్టం బిడ్డా?" అన్నాడు రాజమల్లు.

"కష్టం కాదు బాపూ, నౌకరి. గిరాకి లోపలికి రాంగనే ఏ చీర చూపియ్యాల్నో నాకు ఎరికైతది. అది రాయి."

"గట్ల రాస్తె పొగరనుకుంటరు. పెద్దోళ్ల మనసు కరగాలె. పానం ఎట్లుంది?"

"నిలబడి నిలబడి మోకాళ్లు జర గుంజుతయ్."

"ఇగ ఫికర్ చెయ్యకు!"

రాజమల్లు కలం ఆ మోకాళ్లను పూర్తిగా అరగదీసింది. మధును చావుబతుకుల మధ్యకు చేర్చింది. చదివి వినిపిస్తే ప్రేమలతే కొంగుతో కళ్లొత్తుకుంది. తన బతుకు ఇంత ఘోరంగా ఉందని ఆమెకూ అప్పుడే తెలిసింది.

షోరూంలో మేనేజరు భానుచందర్ ఆ కాగితం చదివి కళ్లజోడు తీశాడు. రాజమల్లు గెలిచాడు.

"అయ్యో అక్కా, గిన్ని బాధలా?" జేబులోంచి ఐదు వందల నోటు తీశాడు. "ఇది ఉంచుకో. ఈడ పొద్దున పదింటి సంది రాత్రి తొమ్మిదిదాక నిలబడాలె. నడవరాని మనిషిని నేనెట్ల తీసుకుంట?"

"నడుసుకుంటనే ఒచ్చిన గద సార్."

"మరి ఈ కాగితం నువ్విచ్చిందే గదా?"

అబద్ధమంటే అబద్ధాలకోరు. నిజమంటే నడవలేని మనిషి. ప్రేమలత నోటు కోసం చెయ్యి చాపలేదు.

"నేను పని అడుగనొచ్చిన సార్" అంది.

ఆయన నోటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఐదింటికి ఫైలు పైకి పోతది. ఇంకోటి రాపిచ్చుకరా, చూస్త."

మళ్లీ అదే గొడుగు, అదే వరుస. వంతు వచ్చేసరికి నాలుగు దాటింది.

"ఈసారి ఏడుపు వద్దు బాపూ. నాకేమొస్తదో అది రాయి."

రాజమల్లు కొత్త కాగితం తీశాడు. అలవాటుగా 'తమ పాదపద్మములకు' అని రాసి, నాలుక కరుచుకుని కొట్టేశాడు.

"ముప్పై ఏండ్లాయె బిడ్డా. ఈ గొడుగు కిందికొచ్చినోళ్లను ఏం పోయిందని అడిగిన గాని, ఏమొస్తదని ఎన్నడడగలె. చెప్పు, ఏమొస్తది నీకు?"

ప్రేమలత నోరు తెరిచింది. పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న మాటే, పొగరనిపించుకున్నాక ఇప్పుడు ఆమెకూ పొగరులాగే తోచింది.

"జర జల్ది కానియ్యవే అక్కా!" అన్నారు వెనక వరుసలోంచి ఎవరో.

కాగితం మీద 'నాకు' అని ఒక్క మాట రాసి, రాజమల్లు ఆమె ముఖంకేసి చూస్తున్నాడు.