ముని కొన్న వాచీ

ముప్పై ఒకటి, ముప్పై రెండు… పెదవులు కదులుతున్నాయి గానీ మాట పైకి రావడం లేదు. రాగి తీగకు గుత్తిగా కట్టిన బెల్టు బకిళ్లను బంగారు పూత తొట్టిలో ముంచి, చెయ్యి అటూ ఇటూ మెల్లగా ఊపుతూ ముని లెక్కపెడుతున్నాడు. ముప్పై ఐదు దగ్గర చెయ్యి దానంతటదే పైకి లేచింది. బకిళ్లు మొదటి నీళ్లలో, రెండో నీళ్లలో మునిగి లేచి, తడి మెరుపుతో ఆరబెట్టే తీగకు ఎక్కాయి.

ముప్పై ఐదు అన్నది ఊరికే వచ్చిన అంకె కాదు. ఆ లోపు తీస్తే సరుకు నిమ్మతొక్కలా పాలిపోయి ఉంటుంది, కొనేవాడు మొహం చిట్లిస్తాడు. ఆ పైన ఉంచితే తొట్టిలోని బంగారం బకిల్ తాగేస్తుంది, యజమాని మొహం చిట్లిస్తాడు. ఇద్దరి మొహాలూ చిట్లకుండా కాపాడే ఆ సన్నటి గీత మీద ముని తన వయసంతా నడిచాడు. ముని అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. పనిలో నోరు తెరవడు కాబట్టి పూత కార్ఖానాలో అంటుకున్న పేరు. బంగారం పూసేవాడికి అంటుకున్న పూత ఊడుతుందా?

నోరు తెరవకపోవడం ఆయన స్వభావం కాదు, పని తీరు. ఆ కార్ఖానాలో ఒక నియమం ఉంది. బంగారు తొట్టిలో సరుకు దిగితే పాలిష్ చక్రం ఆగాలి. చక్రం నుంచి లేచే నూగు తొట్టిలో పడితే పూత మీద మచ్చ తేలుతుంది, మచ్చ తేలిన సరుకు వెనక్కి వస్తుంది. అందుకని ముని చెయ్యి దించగానే, ఆ చివర కిటికీ పక్కన కూర్చున్న పాలిష్ అక్క కాలితో మీట నొక్కి చక్రం ఆపేస్తుంది. చక్రం ఆగితే ఆవిడకు తీరిక. తీరిక దొరికితే ఆవిడ నోరు ఊరుకోదు. ముని సరుకు పైకి తీసి ఆరబెట్టేటప్పుడు ఆయనకు తీరిక. సరిగ్గా అప్పుడు చక్రం హోరు మొదలు. భోజనానికి కూడా ఇద్దరూ కలిసి లేవరు, వేడి తొట్టిని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. సాయంత్రం ఆవిడ ముందు వెళుతుంది, ఆయన తొట్లకు మూతలు పెట్టి వెళతాడు. అలా ఒకే కప్పు కింద ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఒకరిది చెప్పే వంతు, ఒకరిది వినే వంతు.

ఇంకో గుత్తి దిగింది. చక్రం ఆగింది.

"మా మరిది ఫ్రిజ్‌కి తాళం వేస్తాడటయ్యా!" అంది అక్క, చేతుల మీది ఎర్ర పాలిష్ పొడి గుడ్డతో తుడుచుకుంటూ. "చెల్లెలే ఫోన్లో చెప్పింది. రేపట్నుంచి నేనుండాల్సింది ఆ ఇంట్లోనే. చల్లటి నీళ్లు కావాలంటే తాళంచెవి కోసం దరఖాస్తు పెట్టుకోవాలి కాబోలు. నువ్వేమంటావ్? ఏమంటావులే. పద్దెనిమిది అంటావ్."

అప్పటికి నిజానికి పంతొమ్మిది. మునికి నవ్వు వచ్చింది, మింగేశాడు. దానికి జవాబు కూడా వచ్చింది, మంచి జవాబు. దాన్నీ మింగేశాడు. అలా మింగిన జవాబులు ఆయన లోపల, అమ్ముడుపోని సరుకు గోదాములో పేరుకున్నట్టు పేరుకుపోయాయి. ఇన్నాళ్లూ బాధ లేదు, ఇవాళ కాకపోతే రేపు అనుకున్నాడు. కానీ అక్కకు ఇదే ఆఖరి రోజు. చక్రానికి ఆనించి ఆనించి కుడి భుజం అరిగిపోయింది. చెల్లెలి ఊరు వెళ్లిపోతోంది. సాయంత్రం మరిది వ్యాన్ తీసుకుని వస్తాడు. రేపు తెరిస్తే గోదాములో సరుకు ఉంటుంది, కొనేవాళ్లు ఉండరు.

అందుకే వాచీ సంగతి ఇవాళే తేలాలి.

ఆ వాచీని ఆయన బజారు వీధి షాపు అద్దాల అరలో చూసి నెల దాటింది. పాతకాలపు పోలికతో కొత్తగా చేసినది. మీగడ రంగు ముఖం, అందులో రెండు చిన్న ముఖాలు, ఉబ్బెత్తు అద్దం, నీలంగా కాల్చిన సన్నటి ముల్లు. తాళం తిప్పే చక్రానికి పైనొకటి, కిందొకటి పుట్టగొడుగుల్లాంటి బొత్తాలు. పై బొత్తం నొక్కితే నీలం ముల్లు కదిలి క్షణాలు లెక్కపెడుతుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది. కింది బొత్తం నొక్కితే ఎగిరి మొదటికి వచ్చి నిలబడుతుంది. బ్యాటరీ లేదు, తాళం తిప్పితే నడిచేదే.

పని నేర్చుకున్న కొత్తలో ముని సరిగ్గా ఇలాంటి వాచీల గుల్లలకే బంగారు పూత వేసేవాడు. ఫ్యాక్టరీ నుంచి బుట్టలకొద్దీ వచ్చేవి. ఉత్త గుల్లలు, లోపల ఏమీ ఉండదు. తరవాత బ్యాటరీ వాచీలొచ్చి ఆ ఫ్యాక్టరీ మూతపడింది. వేలల్లో గుల్లలు ఆయన చేతి మీదుగా వెళ్లాయి గానీ, నడిచే వాచీ ఒక్కటీ ఆయన చేతికి రాలేదు.

ఇంట్లో ఈ విషయం భార్యకు చెప్పడానికి ఆయనకు వారం పట్టింది. వాచీ ఉంటే పనిలో లెక్క అది చూసుకుంటుందనీ, తను నోరు విప్పి నలుగురితో మాట్లాడొచ్చనీ చెప్పాడు. ధర కూడా చెప్పాడు. మూడు నెలల జీతం. ఇవాళ పొద్దున ఆవిడ అన్నం డబ్బా కడుతూ తీర్పు చెప్పింది.

"పళ్లు తోముకుంటూ లెక్క. అన్నం నములుతూ లెక్క. పెళ్లిలో నా మెడలో దండ వేసేటప్పుడు కూడా లెక్కపెట్టావని నాకు అనుమానం. కొనుక్కో. నీ చేత ఆ లెక్క మానిపించేదుంటే మూడు కాదు ఆరు నెలలది పెట్టు. కానీ తెచ్చాక కూడా పెదాలు కదిపావో, దాన్ని తీసుకెళ్లి కూరగాయలవాడికి ఇచ్చేస్తా."

మధ్యాహ్నం అక్క తిని వచ్చి తొట్టి దగ్గర నిలబడ్డాక ముని డబ్బా తెరవకుండానే బజారు వీధికి నడిచాడు.

షాపాయన ఆయన్ను చూడగానే వాచీ బయటికి తీశాడు. చూసి వెళ్లేవాడెవడో, కొనేవాడెవడో ఆయనకు తెలుసు. ముని మాత్రం ఇంతవరకూ ఏ ఖాతాలోనూ పడలేదు.

ముని ముందుగా ముఖం చూడలేదు. తిరగేసి, పట్టీ తగిలించే కొమ్ముల మొదలు చూశాడు. పూత పనిలో దొంగతనమంతా అక్కడే జరుగుతుంది. మూల కాబట్టి బంగారం తక్కువ పట్టినా కంటికి తెలియదు. ఇక్కడ పట్టింది. నిండుగా పట్టింది. ఎవరో, ఎక్కడో, తొందరపడకుండా చేశారు. ఆ చెయ్యికి మనసులోనే దండం పెట్టాడు.

"ధరేమన్నా తగ్గుతుందాండీ?"

"తగ్గదండి. ఇంకో తోలు పట్టీ ఊరికే ఇస్తా. ఇదొక్కటే మిగిలింది, సాయంత్రం ఇంకొకాయన వస్తానన్నాడు. అలా అని తొందరపెట్టడం లేదు," అన్నాడు షాపాయన. "ఇంతకీ రోజూ పెట్టుకోడానికా, దాచుకోడానికా?"

"పనిలోకండి. బంగారు పూత తొట్టి దగ్గర."

షాపాయన చెయ్యి ఆగింది. బేరం గడప దాకా వచ్చి లోపల కాలు పెట్టబోతున్న సమయం. ఏ వ్యాపారి అయినా ఇక్కడ గొంతు సవరించుకుని వాతావరణం గురించి మాట్లాడతాడు. ఈయన అలా చెయ్యలేదు.

"అయితే వద్దండీ. తొట్టికి లావుపాటి కరెంటు తీగలుంటాయి కదా. వాటి పక్కన పెడితే దీని గుండెలో వెంట్రుకంత తీగ ఒకటుంది, దానికి అయస్కాంతం పడుతుంది. ఇక పిచ్చి పట్టినట్టు పరిగెడుతుంది. మీ లెక్కకు పనికిరాదు."

ముని నెలరోజులుగా కట్టుకున్న లెక్క అంతా ఒక్క మాటతో కొట్టివేత అయింది. పనికొస్తుంది, పనికొస్తుంది అని భార్యకు చెప్పాడు, తనకు తాను చెప్పుకున్నాడు. పనికిరాదు. కార్ఖానా సామానుగా అయితే పిల్లల పరుగుపందేలకు వాడే ప్లాస్టిక్ గడియారం చాలు. ఈ లెక్కన మూడు నెలల జీతం పెట్టి కొనాల్సింది ఏమీ లేదు.

"చూసి ఇచ్చేస్తానండీ," అని, పై బొత్తం నొక్కాడు.

నీలం ముల్లు కదిలింది. అదరలేదు, తడబడలేదు. నీటి మీద గడ్డిపోచలా జారుకుంటూ పోయింది. షాపాయన ఏదో చెబుతున్నాడు. తన తండ్రి దగ్గర కూడా ఇలాంటిదే ఉండేదట, దాన్ని చెవి కింద పెట్టుకుని పడుకునేవాడట. ముని మొత్తం విన్నాడు. విన్నాక గాని ఆయనకు తెలియలేదు, తను లెక్కపెట్టడం లేదని. క్షణాలు నడుస్తున్నాయి, వాటిని మొయ్యడానికి ఇంకొకరు ఉన్నారు. భుజం మీది మూట ఎవరో అందుకున్నట్టు అనిపించి, ఖాళీ భుజాన్ని ఒకసారి తడుముకున్నాడు కూడా.

వాచీ తిరిగి ఇచ్చేసి గుమ్మం దాకా వెళ్లాడు. ఎండలో నిలబడ్డాడు. తొట్టి దగ్గర తీగలున్నాయి, నిజమే. కానీ కిటికీ దగ్గర ఏ తీగా లేదు. తొట్టిలో సరుకున్నప్పుడు అక్కడి చక్రం కూడా ఆగే ఉంటుంది.

వెనక్కి వచ్చాడు. "ఇచ్చేయండి. రెండో పట్టీ వద్దులెండి. మంచి మాట చెప్పారు, దానికి చెల్లు."

కార్ఖానాకు తిరిగొచ్చేసరికి అక్క, తొట్టి మీద ఓ కన్ను వేసే, తన వంతు ఆఖరి బకిల్ మెరుగుపెట్టి, చక్రానికి గుడ్డ కప్పేసింది. ముని నేరుగా కిటికీ దగ్గరికి వచ్చి వాచీ ఆవిడ చేతిలో పెట్టాడు.

"అక్కా, నేను ముంచగానే ఇది నొక్కు. ముల్లు ఈ గీత దగ్గరికి రాగానే ‘తియ్యి’ అని కేకెయ్యి."

అక్క వాచీని చూడలేదు. ఆయన్నే చూసింది. "ముని నోరు తెరిచాడు! ఇవాళ వాన ఖాయం." తరవాత వాచీ చూసి, ధర విని, నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఈ మాత్రం లెక్క నా ఫోన్లో లేదటయ్యా? ఇన్నేళ్లలో ఒక్కసారి అడిగితే నేను చెప్పనా?"

ముని తొట్టి వైపోసారి, కిటికీ వైపోసారి చూశాడు. తొట్టి దగ్గర ఫోను నిషేధం గానీ, కిటికీ దగ్గర కాదు. "తోచలేదక్కా," అన్నాడు.

"నాకు మాత్రం తోచిందా," అంది అక్క మెల్లగా. తరవాత గొంతు పెంచింది. "సరే, ముంచు!"

మొదటి గుత్తి దిగింది. పెదవులు అలవాటుగా కదలబోతే పళ్ల మధ్య బిగించాడు.

"ఆ ఫ్రిజ్ సంగతి. వెళ్లిన రోజే, నీళ్లు తాగుతానని తాళంచెవి అడిగి తీసుకో. ఆ ఊళ్లో తాళాలవాడు ఉండకపోడు. ఇంకోటి చేయించు. పాతది మర్యాదగా తిరిగిచ్చెయ్."

అక్క నవ్వు కిటికీ దాటి వీధిలోకి వెళ్లింది. "తియ్యి, తియ్యి! అయిపోయింది! పొద్దున చెప్పిన మాటకా ఇది?"

"నిన్నటిదానికీ ఉంది. నీ ఆడపడుచు చీర మార్చేసి పాతది ఇచ్చిందన్నావు చూడు, ఎప్పుడో, దానికీ ఉంది."

"విన్నావా నువ్వు! లెక్కలో ఉండి వినవనుకునేదాన్ని. గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకునేదాన్ని."

"పదిహేను దాకా నేను లెక్కపెట్టేవాణ్ణి. ఆ తరవాత నీ ఆడపడుచు వచ్చేది. ఆవిడ వెళ్లాక మళ్లీ ఇరవై రెండు."

గుత్తి తరవాత గుత్తి దిగింది. ఒక్కో మునకలో ఒక్కో జవాబు బయటికి వచ్చింది. కొన్ని పాతబడి విలువ పోయినవి. ఎప్పుడో మారిపోయిన ఇంటి ఓనరు గురించి ఇప్పుడు ఏమంటే ఏం లాభం? అయినా అక్క ఏ ఒక్కదాన్నీ వెనక్కి పంపలేదు. అన్నీ తీసుకుంది. కొన్నింటికి కళ్లు తుడుచుకుంది, పాలిష్ పొడి పడిందని చెప్పింది.

ఆఖరి గుత్తి దింపేసరికి పొద్దు వాలుతోంది. ముని వీపు కిటికీ వైపు ఉంది, కళ్లు తొట్టి మీద ఉన్నాయి. ఇప్పుడు ఆవిడ కథలకు జవాబులు అయిపోయాయి. తన కథ ఒకటి మొదలుపెట్టాడు.

"కొత్తలో వాచీ గుల్లలు వచ్చేవక్కా. పూత వేసి ఆరబెట్టాక, ఎవరూ చూడకుండా ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకునేవాణ్ణి. ఖాళీ అని తెలుసు. నేనే కడిగాను, నేనే పూశాను, లోపల ఏముంటుంది? అయినా వినేవాణ్ణి. ఒకసారి నిజంగానే టిక్కుమంది. అదిరిపోయాననుకో! చూస్తే గోడ గడియారం. నువ్వు నవ్వుతావని ఇది ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు…"

నవ్వు వినపడలేదు. వింటోంది అనుకున్నాడు. వినేవాళ్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటారో ఆయన కంటే తెలిసినవాళ్లు ఎవరు? చెప్పుకుంటూ పోయాడు. ఫ్యాక్టరీ మూతపడిన రోజు, ఆఖరి బుట్టలో మిగిలిపోయిన ఒక్క గుల్ల, దాన్ని తిరిగి పంపించేటప్పుడు చేతికి వచ్చిన ఆ చిన్న బరువు.

"ఇంకెంతసేపు పోస్తావయ్యా నా బంగారం!"

ఉలిక్కిపడి చెయ్యి లేపాడు. పక్కన యజమాని నిలబడి ఉన్నాడు. బకిళ్లు తొట్టిలోంచి లేచి, పండిన మామిడి రంగులో బరువుగా వేలాడాయి. ముని చేతి కింద ఇలాంటి సరుకు ఎప్పుడూ తయారు కాలేదు. మామూలు ధరకు అమ్మితే నష్టమే. కొనుక్కున్నవాడి నడుము మీద మాత్రం అవి వాడి జీవితకాలం వెలిసిపోవు.

ముని తిరిగి చూశాడు. కిటికీ దగ్గర పీట ఖాళీగా ఉంది. వీధిలో వ్యాన్ లేదు.

"ఇందాకే వెళ్లింది," అన్నాడు యజమాని. గొంతులో కోపం వెతుక్కుంటున్నాడు గానీ దొరకడం లేదు. "నేనే పిలవబోయాను. నోటికి వేలు అడ్డం పెట్టింది. ‘మాట్లాడనీండి, ఇప్పుడే మొదలుపెట్టాడు’ అంది."

ఆయన ఒక బకిల్ విప్పి వెలుతురుకు పట్టి చూసి, తన జేబులో వేసుకుని గదిలోకి వెళ్లిపోయాడు.

ఒక మధ్యాహ్నం కబుర్లకు మూడు నెలల జీతం. బజార్లో ఎవరిని అడిగినా, ఇతగాడు నిలువునా మునిగాడనే అంటారు. ముని ఆ లెక్క వెయ్యలేదు. చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, కిటికీ దాకా నడిచాడు.

చక్రం మీద కప్పిన గుడ్డ అంచున, తలకిందులు కాకుండా జాగ్రత్తగా ఆనించి పెట్టిన వాచీలో, ఎవరూ ఆపని నీలం ముల్లు తిరుగుతూ ఉంది.