ట్రాక్ పాడిన గొంతు

“పాడుకుంటే పాడుకో గానీ, గొంతు వీధిలోకి రానీకమ్మా,” అంది మరిడమ్మ, చింతపండులో పిక్కలు ఏరుతూ.

నిజానికి కోడలు పాడటం లేదు. పులుసులోకి బెల్లం తరుగుతూ, ఆ మధ్య పాడి పంపిన చరణంలో గొంతు తిప్పిన ఒక సంగతి సరిగ్గా పడిందో లేదో ముక్కుతో అనుకుని చూసుకుంటోంది. ఆ మాత్రానికే అత్తగారికి వీధి గుర్తొచ్చింది. అదే అత్తగారు శుక్రవారం పూజకి పీట వేయించి, “అలా గొణుగుతావేటి? గట్టిగా పాడు, ఎదురింటోళ్ళకి ఇనపడాలి” అంటుంది. ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కీ, మరిది గృహప్రవేశానికీ “మా కనకం పాడతాది” అని కోడలిని అడక్కుండానే మాటిచ్చేదీ ఆవిడే. వంట చేసి, వడ్డించి, చెయ్యి తుడుచుకునే లోపు మైకు అందించేవారు. పాట అయ్యాక చప్పట్లు కొట్టి, ఆ చేతులతోనే ఖాళీ మజ్జిగ గ్లాసు చాపేవారు. కనకమహాలక్ష్మి బెల్లం రైతు కూతురు, బెల్లం వర్తకుడి పెళ్ళాం. గిరాకీ వేరు, ధర వేరు అని ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. తన గొంతు లెక్క ఎప్పుడో తేల్చుకుంది. ఇంట్లో పాడే పాటకి గిరాకీ ఉంది, ధర లేదు. బయటికి పాడే పాటకి ధర ఉంది, పేరు లేదు.

పేరు పెళ్ళి బేరంలో పోయింది. రావికమతం దగ్గర వాళ్ళ నాన్నకి చెరుకు తోటా, బెల్లం గానుగా ఉండేవి. ఆయన బెల్లం దిమ్మలు తెచ్చి అమ్ముకునేది అనకాపల్లి బజారులో, ఇప్పటి ఆమె మొగుడు త్రినాథ్ తండ్రి కొట్టులోనే. కనకం కాలేజీలో ఉండగానే విశాఖపట్నంలో ఒక ఆర్కెస్ట్రాలో పాడేది. అక్కణ్ణుంచి టీవీ పోటీ, ఆ పోటీ నుంచి హైదరాబాదు, రెండు సినిమాల్లో ఒక్కో పాట. సీడీ అట్ట మీద చిన్న అక్షరాల్లో కనకమహాలక్ష్మి అని పడింది. పెళ్ళిచూపుల్లో త్రినాథ్ చాలా మర్యాదగా చెప్పాడు. “పాడొద్దని నేననను. పేరు మాత్రం ఒద్దు. బజారంతా మన ఇంటి ఆడదాని పేరు నలుపుతుంటే నేను కొట్లో తలెత్తుకుని ఎలా కూకుంటాను?” అప్పుడు ఆమెకది మంచి బేరంలాగే కనిపించింది. పాట మిగులుతోంది కదా, పోయేది పేరే కదా అనుకుంది. పేరంటే దిమ్మకి చుట్టిన గోనెలాంటిదనీ, లోపల సరుకు మనదైతే చాలనీ అనుకుంది.

అలా ఆమె ట్రాక్ గాయని అయింది. సినిమా పాటని పెద్ద గాయకులు వచ్చి పాడేలోపు, నమూనాగా ఇంకొకరి చేత పూర్తిగా పాడిస్తారు. దాన్ని ట్రాక్ అంటారు. ఒక్కోసారి పెద్దవాళ్ళకి తీరిక కుదరక, ఆ ట్రాక్ పెట్టుకునే షూటింగ్ కూడా చేసేస్తారు. నాయిక పెదవులు ట్రాక్ గొంతుకే కదులుతాయి. తర్వాత పెద్ద గాయని వచ్చి, ఆ గొంతు విని, దాని అడుగుల్లో అడుగేసి పాడి వెళ్తుంది. ట్రాక్ చెరిపేస్తారు. కనకం పాడిన పాటలు ఊరూరా మోగాయి, వేరే గొంతుల్లో. కూరలు కొనడానికి వెళ్ళినప్పుడు ఆటోలో తను తిప్పిన సంగతిని ఇంకెవరో తిప్పుతుంటే వింటూ నిలబడేది. ఆటోవాడు “ఎక్కండమ్మా, ఏటలా సూత్తన్నారు” అనేవాడు.

మొదట్లో విశాఖపట్నం వెళ్ళి పాడి వచ్చేది. ఇప్పుడు మైకు ఇంటికే వచ్చింది కాబట్టి కొట్టు వెనక గోదాములో పాడుతుంది. అది ఆమె కనిపెట్టిన కిటుకు. నాలుగు గోడలకీ బెల్లం దిమ్మలు పేర్చి ఉంటే గొంతు గోడకి తగిలి తిరిగి రాదు, మెత్తగా ఆగిపోతుంది. సీజన్లో గోదాము నిండితే పాట నిండుగా వస్తుంది. బరువులు మోసే కళాసీలు మధ్యాహ్నం అన్నాలకి వెళ్ళినప్పుడు తలుపేసుకుని, ఫ్యాను కట్టేసి, చెమటలో తడుస్తూ పాడుతుంది. వాళ్ళు తిరిగొచ్చే లోపు మైకు దుప్పట్లో చుట్టి కొట్టు మీది మేడలో ఉన్న ఇంట్లోకి పట్టుకుపోవాలి. మీ ఆవిడ ఏం చేస్తుందని బజారులో ఎవరైనా అడిగితే త్రినాథ్ చెప్పే జవాబు ఒకటే. “మా ఇంట్లోవాళ్ళు ఆన్‌లైన్‌లో పిల్లలకి ట్యూషన్ చెప్తారు.”

ఆ మధ్యాహ్నం అతను భోజనానికి వచ్చేటప్పుడే మొహం వెలిగిపోతోంది. చెయ్యి కడుక్కోకుండానే మొదలుపెట్టాడు.

“కనకం, నీ పాట ఉంచేత్తన్నారట.”

ఆమె గరిటె గిన్నెలో వదిలేసి అతని వైపు తిరిగింది.

హైదరాబాదు నుంచి సంగీత దర్శకుడి దగ్గర పనిచేసే మోహిత్ ఫోన్ చేశాడట. ఇన్నేళ్ళుగా వాళ్ళ దగ్గర ఉన్నది త్రినాథ్ నంబరే. కనకం పంపిన ట్రాక్ పెట్టుకుని షూటింగ్ చేసేశారట. తర్వాత పెద్ద గాయని వచ్చి చాలాసార్లు పాడిందట. ఎలా పాడినా తెర మీద నాయిక పెదవులకి అతకలేదట. సినిమా దర్శకుడు విసుగెత్తి ట్రాకే బాగుంది, మొత్తం అదే ఉంచండి అన్నాడట.

“మొత్తం నీ గొంతే కనకం. పల్లవీ చరణాలూ అన్నీ.”

“పేరు?” అంది.

“పేరు ఆవిడిదే ఏత్తారు. ఆవిడి పేరుంటేనే కదా పాట నడుస్తాది. నేను సరే అన్నాను. రేపొద్దున్న దానికి ఒప్పుకున్నట్టు ఓ కాగితం పంపుతారు, నువ్వు సంతకం పెడితే ఫోటో తీసి పంపేత్తాను. ఊరికే ఒప్పుకోలేదే బాబూ, వచ్చే సినిమాలో ట్రాకులన్నీ నీకే ఇమ్మని మాట తీసుకున్నాను.” కంచం ముందు కూర్చుని, మంచి బేరం చేసొచ్చినవాడి ఆకలితో అన్నం కలిపాడు.

“నన్ను అడిగేరా?”

“అడగడానికేటుంది? పేరొద్దన్నది మొదట్నుంచీ మన మాటే కదా.”

“మీ మాట.”

మరిడమ్మ మధ్యలో అందుకుంది. “మంచి ఏర్పాటే కదమ్మా. గొంతూ బయటికెల్తాది, పరువూ ఇంట్లో ఉంటాది. ఆడికి ఇంకొంచెం పులుసెయ్యి.”

పులుసు వేసింది. వేశాక కూడా అక్కడే నిలబడింది. ఇన్నేళ్ళూ జరిగిన దానికీ, ఇప్పుడు జరగబోయే దానికీ తేడా వీళ్ళెవరికీ కనిపించటం లేదా అనుకుంది. ఇంతకుముందు తను ఇచ్చింది నమూనా. చూపించారు, పక్కన పడేశారు, వాళ్ళ సరుకు వాళ్ళు అమ్ముకున్నారు. అందులో బాధ ఉంది గానీ మోసం లేదు. ఇప్పుడు తన సరుకే బండెక్కుతోంది, ఇంకొకరి ముద్రతో. పేరు లేకపోవడం ఒకటి, తన పేరుండాల్సిన చోట ఇంకొకరి పేరుండటం ఇంకొకటి. మొదటిదానికి ఒప్పుకున్నంత మాత్రాన రెండోదానికి కూడా ఒప్పుకున్నట్టేనని మొగుడు ఎంత సులువుగా లెక్క కట్టేశాడు! ఆ పెద్ద గాయని మాత్రం ఏమంటుంది? తన పేరు మీద ఎవరి గొంతో మోగుతుంటే ఆవిడకి సంతోషంగా ఉంటుందా? ఆవిడనీ ఎవరూ అడిగి ఉండరు.

అంట్లు తోముతూ ఆమె రెండో లెక్కలో పడింది. పెదవులు ఎందుకు అతకలేదు? ఆలోచిస్తుంటే నవ్వొచ్చింది. రెండో చరణం పాడుతుండగా గోదాములో ఒక కందిరీగ మొహం మీదికి వచ్చింది. బెల్లం ఉన్నచోట కందిరీగలు మామూలే. ఉలిక్కిపడి మాట సగంలో తెంచి, ఊపిరి పీల్చి, మిగతా సగం పాడింది. మళ్ళీ పాడదామంటే బయట కళాసీల మాటలు వినిపించాయి. అలాగే పంపేసింది. అంటే నాయిక కూడా సరిగ్గా అక్కడే ఉలిక్కిపడి, మాట తెంచి, కళ్ళెత్తి చూసి ఉంటుంది. ఎంత గొప్ప గాయని అయినా, లేని కందిరీగకి ఊపిరి ఎలా తెంచుతుంది? షూటింగ్ అయిపోయింది. సినిమా తారీఖు పోస్టర్ల మీద పడిపోయింది. తొందర ఎవరిది? వాళ్ళది. సరుకు ఎవరిది? తనది. తొందరున్నవాడి దగ్గర తొందర లేనట్టు కూర్చోవడం త్రినాథ్‌కి రోజూ చేసే పనే. పెళ్ళాం గొంతు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోయాడు? మర్చిపోలేదు. అతను అమ్మాలనుకున్నది పాట కాదు. పేరు బయటికి రాకపోవడాన్ని కొనుక్కున్నాడు. ఆ బేరంలో తన గొంతు కొసరు.

మర్నాడు పొద్దున్న కొట్టు ముందు వేలం జరుగుతోంది. దిమ్మలు వరసగా పేర్చి ఉన్నాయి. కొనేవాళ్ళు ఇనప మొనతో అంచు గిల్లి, నోట్లో వేసుకుని, రంగు చూసి, రేటు చెబుతున్నారు. ఆ కొట్టులో ఒక కట్టుబాటుంది, మావగారి కాలం నుంచీ. ఎంత రేటు పలికినా, సరుకు తెచ్చిన రైతు తన దిమ్మల పక్కన నిలబడి తల ఊపితే తప్ప తూకం వెయ్యరు. రైతు టీకి వెళితే వేలం ఆగుతుంది, వచ్చాకే నడుస్తుంది. త్రినాథ్ కూడా అది తప్పడు. చీడికాడ నుంచీ, రావికమతం నుంచీ ఇన్ని కొట్లు దాటుకుని రైతులు అక్కడికే రావడం అందుకే.

కనకం మెట్లు దిగి కొట్టులోకి వచ్చింది. దసరా పూజకి తప్ప ఆ ఇంటి ఆడవాళ్ళు అక్కడికి రారు. కొనేవాళ్ళు పక్కకి జరిగారు.

“ఏటి కనకం? పైకెల్లు, వత్తాను,” అన్నాడు త్రినాథ్ గొంతు తగ్గించి.

ఆమె అతని వైపు చూడలేదు. దిమ్మల పక్కన తలపాగా చుట్టుకుని నిలబడ్డ ముసలి రైతు కొర్లయ్యని అడిగింది. “తాతా, ఈ బెల్లం నీదేనా?”

“నాదే తల్లీ. నిన్న దించిన పాకం.”

“దీన్ని ఈయన నిన్నడక్కుండా ఇంకొకరి పేరు మీద అమ్మేస్తే?”

కొర్లయ్య బిత్తరపోయి త్రినాథ్‌ని చూశాడు. “అదేటమ్మా అలగంతావు? తండ్రికీ కొడుక్కీ ఏనాడూ అలాటి బుద్ధి నేదు.”

“ఉంటే? తలూపుతావా?”

“తలెందుకూపుతాను, కాలూపుతాను,” అన్నాడు కొర్లయ్య. అందరూ గొల్లుమన్నారు. త్రినాథ్ నవ్వలేదు.

అప్పుడే అతని ఫోన్ మోగింది. తెర మీద మోహిత్ పేరు ఉంది. కనకం చెయ్యి చాపింది. అంతమంది ముందు ఇవ్వనంటే కారణం చెప్పాలి. ఇచ్చాడు. ఆమె స్పీకరు నొక్కింది.

“సార్, కాగితం పంపించాను. మేడమ్‌తో సంతకం పెట్టించేయండి, ఇవాళే అన్నీ లాక్ చేసేస్తున్నాం.”

“నేనే మాట్లాడుతున్నాను మోహిత్ గారూ. ఆ పాట మొత్తం పాడింది నేను. పేరు నాది వెయ్యండి. కనకమహాలక్ష్మి. లేదంటే నా గొంతు తీసెయ్యండి.”

కొనేవాళ్ళలో నానాజీ అనే ఆయన త్రినాథ్‌ని మోచేత్తో పొడిచాడు. “ఏటి బావా, ట్యూషనన్నావు? సినిమా పాటల ట్యూషనా?”

ఫోన్లో మోహిత్ తడబడ్డాడు. “మేడమ్, అది నా చేతిలో లేదు. నిన్న సార్ ఓకే అన్నారు కదా అని పైవాళ్ళకి చెప్పేశాను. ఇప్పుడు మీరు కాదంటే నిజంగానే తీసేస్తారు. తర్వాత ట్రాకులకి కూడా పిలవరు, నా మాట వినండి.”

“ఆయన ఓకే ఆయనది. గొంతు నాది. రెండో చరణంలో నేను ఊపిరి తీసుకున్న చోట ఇంకెవరైనా తీసుకోగలిగితే వాళ్ళతోనే పాడించుకోమనండి, నాకేం కోపం లేదు. ఆ కాగితం మీద మాత్రం నా సంతకం ఉండదు. ఇక ఈ నంబరుకి చెయ్యకండి, నా నంబరు రాసుకోండి.”

నంబరు చెప్పింది. తిరిగి చెప్పించుకుంది. ఫోన్ మొగుడి చేతిలో పెట్టింది.

మేడ మీంచి మరిడమ్మ తొంగి చూసి, “కనకం, పైకి రా, అందరూ చూస్తన్నారు” అంది. కనకం తలెత్తి, “చూడనీండి అత్తయ్యా” అంది మామూలుగా, పాలు పొంగుతున్నాయంటే వస్తున్నానన్నట్టు.

త్రినాథ్ దగ్గరికొచ్చాడు. అతని మొహంలో కోపం కంటే బెంగే ఎక్కువ కనిపించింది. అన్నేళ్ళలో మొదటిసారి అతను ఆమె పాట గురించి దిగులుపడటం ఆమె చూసింది. ఆ దిగులు నిజమే. దానికి ఆమె మెత్తబడబోయింది కూడా. ఆ ఒక్క క్షణం దాటడం ఆమెకి మెట్లు దిగి రావడం కంటే కష్టమైంది.

“పాట పోతాది కనకం,” అన్నాడు. “ఇన్నాళ్ళకి ఒక్కటి నిలబడింది. అదీ పోతాది.”

“పోతే పోనీండి,” అంది. “ఇన్నేళ్ళూ పేరు లేకుండా నా పాట బతికింది. కొన్నాళ్ళు పాట లేకుండా నా పేరుని బతకనివ్వండి.”